పాదరక్షలు బయట విడువవలెను

కొత్తగా కట్లు కట్టే పనిలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు కాలేజీలున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, మెడలో ఫొటో వేలాడే కార్డులున్నాయి. నాకు అవేవీ లేవు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పొసగలేదు. ఆయనది పర్మనెంటు ఉద్యోగం గనక నేనే తప్పుకున్నాను. ఆ తర్వాత తార్నాక పక్కనే ఉన్న విశ్వవిద్యాలయంలో మొక్కలకు నీళ్లు పోశాను, హాస్టల్లో గిన్నెలు తోమాను, చివరికి క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో డ్రెస్సరుగా కుదురుకున్నాను. అంటే పుండు కడిగి, మందు రాసి, కట్టు కట్టేవాణ్ణి. అంత పెద్ద యూనివర్సిటీలో ఒక్క పరీక్ష కూడా రాయకుండా రిటైర్మెంటు దాకా నెట్టుకొచ్చిన ఘనత నాది.

నాకు నోరెక్కువ. ఆ గదిలో అది పనికొచ్చేది. పాత కట్టు పుండుకు అతుక్కుపోయి ఉంటుంది, లాగితే ప్రాణం లేచొస్తుంది. సరిగ్గా లాగే క్షణంలో ఏదో ఒక వెటకారం ఆడితే ఎదుటివాడు నవ్వుతాడు, కట్టు ఊడివస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా తిడతాడు. అయితే కొందరి కాళ్ల దగ్గర నా వెటకారానికి పనే ఉండేది కాదు. కట్టు లాగినా, పుండులోంచి గాజుపెంకు తీసినా, వాళ్లు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చునేవాళ్లు. వాళ్లంతా షుగర్ వాళ్లు. చూసేవాళ్లకు అది ధైర్యంలా కనబడుతుంది. ధైర్యం కాదు నాయనా, కాలి నుంచి కబురు రావడం ఆగిపోయింది. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు చప్పుడు చేయకుండా చచ్చిపోతాయి. ఆ తర్వాత ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా ఇంటి యజమానికి తెలియదు.

నేను చెప్పబోయేది అలాంటి ఒక కాలి సంగతి. తొంభైల్లో జరిగింది. నవ్విస్తూ చెబుతాను, చెప్పడం అలవాటు గనక. కోపం చల్లారిందని మాత్రం అనుకోకండి.

వారానికొకసారి మా దగ్గర షుగర్ రోజు. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వాలి. ఇంటికి వెళ్లి తిని, రెండు గంటలు ఆగి వచ్చి మళ్లీ ఇవ్వాలి. ఆ తర్వాత డాక్టరు కోసం లైన్లో నిలబడాలి. ప్రొఫెసర్లు, గుమాస్తాలు, తోటమాలులు, హాస్టల్ వంటవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు, అందరూ వచ్చేవాళ్లు. డాక్టరును కలిసేసరికి మిట్టమధ్యాహ్నం.

క్యాంపస్ మనుషులతో ఒక చిక్కుంది. పరీక్ష అన్న మాట చెవిన పడితే చాలు, ప్రిపేరవుతారు. తమ వంతు షుగర్ రోజు దగ్గర పడుతోందంటే అన్నం బందు, జొన్నరొట్టె మొదలు. కాకరకాయ రసం, తెల్లారకముందే ల్యాండ్‌స్కేప్ గార్డెన్ చుట్టూ నడక. ఫలితం బ్రహ్మాండంగా వచ్చేది. డాక్టరు "వెరీ గుడ్" అనేవాడు. పాసైనవాళ్లు తిన్నగా తార్నాక చౌరస్తాకు వెళ్లి వేడి జిలేబీతో సంబరం చేసుకునేవాళ్లు. తర్వాతి పరీక్ష దాకా మళ్లీ మామూలే. విద్యార్థి చీటీ పెట్టాడని డిబార్ చేసే పెద్దమనుషులు సొంత రక్తానికి కాపీ కొట్టడం నేర్పారు! రిపోర్టు బాగుంది గనక కళ్లు ఎలా ఉన్నాయి, కాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగే నాథుడు లేడు. షుగరు పరీక్ష రోజున కాదు, మిగిలిన రోజుల్లో తినేస్తుంది మనిషిని. ఇది అక్కడ అందరికీ తెలుసు. తెలిసినవాళ్లే ఇలా చేశారు. అదీ నా మంట.

మా టీచరమ్మ కూడా ఆ బాపతే. క్యాంపస్ బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం, లాలాపేటలో ఇల్లు. భర్త మా యూనివర్సిటీలోనే గుమాస్తాగా చేసి చనిపోయాడు. ఆదివారం తార్నాకలో ఒక చిన్న చర్చిలో పెడల్ హార్మోనియం వాయించేది. చేతులతో మెట్లు నొక్కుతూ, కాళ్లతో కింద పెడళ్లు తొక్కుతూ గాలి ఎక్కించాలి దానికి. చర్చిలో ఆ పెట్టె వాయించగలిగింది ఆవిడొక్కతే. తనకు పిల్లల్లేరు. "నాకు వారంలో ఆరు రోజులు బడి, ఒక రోజు పెట్టె. ఇంకేం కావాలి?" అనేది.

నేను కనబడితే చాలు, మా ఇద్దరికీ సవాలు జవాబు మొదలు.

"టీచరమ్మా, ఈసారి గూడ ఫస్టు క్లాసేనా?"

"డిస్టింక్షను అబ్బాయ్. నీలాగా ఏడో తరగతిలో పారిపోయే రకమనుకున్నావా నేను?"

"పారిపోలే టీచరమ్మా. ఇజ్జత్‌తోని తప్పుకున్న."

"నా క్లాసులో ఉండుంటే చెవి మెలేసి పది దాకా ఈడ్చుకెళ్లేదాన్ని. అప్పుడు నువ్వు కూడా ఈపాటికి ఆఫీసరువై షుగరు తెచ్చుకునేవాడివి."

ఒకరోజు ఆవిడ నా గది గుమ్మంలో నిలబడింది. ముఖంలో ఆ వెలుగు లేదు.

"నవ్వకు అబ్బాయ్. ఈ మధ్య పెడలు మీద నా కాలుందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలియట్లేదు. పాట మధ్యలో గాలి తగ్గిపోయి పెట్టె మూలుగుతోంది. పాస్టరు గారు పాడుతూ పాడుతూ నా వంక చూస్తున్నారు."

"పెద్ద డాక్టరుకు చెప్పిన్రా?"

"చెప్పాను. రిపోర్టు ఇంత బాగుంటే కాలికేవిటమ్మా, వయసు మీద పడుతోంది అన్నారు."

"కాలు చూసిండా?"

"రిపోర్టు చూశారు."

పెద్ద డాక్టరంటే మా సూపరింటెండెంటు. ఆయన చెడ్డవాడు కాదు. నేను అందరికంటే ముందొచ్చాననుకునే రోజున కూడా ఆయన కారు నాకంటే ముందు అక్కడ ఉండేది. ఎవరి దగ్గరా ఏదీ ఆశించలేదు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు శుభ్రత. ఆ ఏడాది ఆరోగ్య కేంద్రంలో లోపలి హాలుకూ వరండాకూ కొత్త మొజాయిక్ వేయించారు. దాన్ని చూసి ఆయన మురిసిపోయిన తీరు, తొలి మనవణ్ణి ఎత్తుకున్న తాతను మించిపోయింది. మర్నాడే గేటు దగ్గర నీలం రంగు బోర్డు వెలిసింది. "వైద్యశాల దేవాలయం వంటిది. పాదరక్షలు బయట విడువవలెను." పక్కనే చెప్పుల స్టాండు, స్టాండుకు ఒక వాచ్‌మన్.

గేటు నుంచి వరండా దాకా షాబాదు బండలు పరిచిన ఖాళీ జాగా. పైన చెట్టు లేదు, రేకు లేదు. వరండాలో గుంపు నిలబడితే నేల మాసిపోతుందని లైను ఆ బండల మీదే పెట్టించారు. నల్ల బండ, ఏప్రిల్ ఎండ, ఒట్టి కాళ్లు, షుగర్ రోగులు! ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చడానికి శత్రువుకు కూడా తెలివి చాలదు. మా వైద్యశాలకు చాలింది.

ప్రొఫెసర్లు, ఆఫీసర్లు కారు దిగి పక్క తలుపులోంచి బూట్లతో లోపలికి వెళ్లేవాళ్లు. వాళ్లను విప్పమనే ధైర్యం వాచ్‌మన్‌కు లేదు, బోర్డుకూ లేదు. బూట్లు విప్పనివాళ్ల కాళ్లు ఎవరూ చూడలేదు. విప్పినవాళ్ల కాళ్లు అందరికీ కనబడుతూనే ఉన్నాయి, అయినా ఎవరూ చూడలేదు.

నా గది కిటికీ ఆ బండల వైపే. షుగర్ రోజు మధ్యాహ్నం లైను చూస్తే బతుకమ్మ ఆడుతున్నట్టుండేది. ఒకడు కుడికాలెత్తి ఎడమకాలి మీద, ఇంకొకడు ఎడమకాలెత్తి కుడికాలి మీద. హాస్టల్ వంట మేస్త్రీ ఒకాయన భారీ మనిషి, ఆయన గెంతితే బండలు కదిలేవి. "అరే, దోసె పెనం మీద నిలవెట్టిన్రా మమ్మల్ని?" అని అరిచేవాడు. ఆ గోలలో టీచరమ్మ ఒక్కతే చీర కుచ్చిళ్లు సర్దుకుని, చేతిసంచి పొట్టకు ఆనించుకుని, విగ్రహంలా నిలబడేది. చర్చిలో చెప్పులు బయట విడిచే అలవాటు గనక ఆవిడకు ఆ బోర్డు తప్పుగా తోచలేదు.

సూపరింటెండెంటు వరండాలోకి వచ్చి ఆవిణ్ణి వేలెత్తి చూపించాడు.

"ఏమిటయ్యా ఆ గంతులు? చదువులు చెప్పే చోట పనిచేస్తున్నారు! ఆ టీచరు గారిని చూసి నేర్చుకోండి. డిసిప్లిన్ అంటే అదీ!"

టీచరమ్మ సిగ్గుపడి నవ్వింది. చిన్నప్పుడు బడిలో చప్పట్లు కొట్టించుకున్న పిల్లలా.

కాస్త సేపటికి లైను కదిలి ఆవిడ లోపలికి వచ్చింది. వెంటనే హాల్లోంచి ఆయన గొంతు ఖంగుమంది.

"ఎవరది బకెట్టు ఒలకబోసింది? కొత్త ఫ్లోరు! తుడవండి ముందు!"

నేను బయటికొచ్చి చూశాను. తెల్లటి మొజాయిక్ మీద తడి అడుగులు. ఒక్క కుడికాలివే, వరుసగా, గుమ్మం నుంచి బెంచీ దాకా. మా ఆయా గుడ్డ తెచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఒక అడుగు తుడిచింది. గుడ్డ వైపు చూసి ఆగిపోయింది.

"సార్, ఇవి నీళ్లు గావు సార్."

బెంచీ మీద టీచరమ్మ కూర్చుని ఉంది. నేను కింద కూర్చుని ఆవిడ కాలు ఎత్తి నా తొడ మీద పెట్టుకున్నాను. అరికాలి చర్మం పాల మీది మీగడలా ముడతపడి జారిపోయి ఉంది. బొబ్బ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు చితికిందో. వేళ్ల కింద కూడా అలాగే. ఎడమకాలు కందింది గానీ చిట్లలేదు. తల వంచి అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఏవిటబ్బాయ్, అలా చూస్తావు? కాలు కాస్త జారుతోందేవిటా అనుకున్నాను," అంది ఆవిడ. "నొప్పేం లేదు."

మా దగ్గర అప్పుడు ఒక కొత్త డాక్టరమ్మ ఉండేది, టెంపరరీ ఉద్యోగం. పరుగున వచ్చి కాలు చూసింది, బయట బండల వైపు చూసింది. మా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది.

"సర్, ఇది కాలిన గాయం. ఈమెకు పాదాల్లో స్పర్శ పోయింది. అందుకే కదలకుండా నిలబడింది. ఆ బోర్డు తీసేయాలి సర్, ఈరోజే."

"ఒకరికి బొబ్బ వచ్చిందని రూలు తీసేస్తామా డాక్టర్? అందరూ నిలబడలేదా?"

నాకు ఆగలేదు. "అందరు గెంతిన్రు సార్. గెంతనిది ఈమె ఒక్కతే. మీరు మెచ్చుకున్నది గూడ ఈమెనే."

ఆయన నా వైపు చూసిన చూపుకు మొజాయిక్ మీద కాలిన మచ్చ పడాల్సింది. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. నా పని నేను చూసుకున్నాను. నా పని ఆ కాలే.

రోజూ కడిగాను. డాక్టరమ్మ దగ్గరుండి చూసింది. అప్పుడే ఒకరోజు, ప్రిపేరయ్యే వీలివ్వకుండా, చెప్పా పెట్టకుండా డాక్టరమ్మే టీచరమ్మ రక్తం తీసి పరీక్షకు పంపింది. డిస్టింక్షను కాస్తా ఎగిరిపోయింది. ఆ అంకె చూసి టీచరమ్మ తలవంచుకుంది. "ఎన్నాళ్లు మోసం చేశానమ్మా" అంటే, "మీరొక్కరే కాదు టీచర్ గారూ, మేము కూడా మోసపోవడానికి రెడీగా కూర్చున్నాం" అంది డాక్టరమ్మ. అరికాలు మెల్లగా మానింది. చిటికెన వేలు మాత్రం మానలేదు. నల్లబడింది. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ తీసేశారు. ఆలస్యమైతే పాదమంతా పోయేదన్నారు.

కట్టుతో తిరిగొచ్చిన రోజున టీచరమ్మ వేలి గురించి ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"డాక్టరమ్మా, పెడలు ఎప్పుడు తొక్కొచ్చు?"

"పూర్తిగా మానాక. ఇంకోసారి ఇలా అయితే మాత్రం పాదం ఉండదు. ఒట్టి కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఇంట్లో కూడా."

ఒక్క అడుగు కూడా. ఆవిడ అది గట్టిగా పట్టుకుంది. ఆ పాదం ఉంటే పెట్టె ఉంది, లేకపోతే లేదు.

డాక్టరమ్మ ఎక్కడో వాకబు చేసి మెత్తటి రబ్బరు చెప్పులు కొలతలిచ్చి కుట్టించింది. కుష్ఠురోగుల కోసం కుట్టేవాళ్లట అలాంటివి. టీచరమ్మ వాటిని చూసి ముఖం చిట్లించింది.

"ఇవేసుకుని లాలాపేటలో నడిస్తే జనం ఏవనుకుంటారు అబ్బాయ్?"

"ఏమనుకుంటరు? ఫారిన్ మాలనుకుంటరు. ఒక్క నెలల మా ఆఫీసర్లంత గవే తొడుగుతరు జూడుండ్రి."

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. బండలు ఇంకా పెనాలే. బోర్డు ఇంకా అక్కడే. టీచరమ్మ చాలాకాలానికి షుగర్ రోజున వచ్చింది, కొత్త చెప్పులతో. గేటు దగ్గర వాచ్‌మన్ చేతులు జోడించాడు.

"టీచరమ్మా, మాఫ్ జెయ్యుండ్రి. చెప్పులు గీడ్నే ఇడవాలె. సార్ జూస్తే నా నౌకరి పోతది."

"నా వేలు పోయింది నాయనా. నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతుంది. వేలు దొరకదు."

"నేనేం జేద్దునమ్మా? రూల్ రూలే గదా."

"సరే, రూలు నేను మీరను. చెప్పులూ విడవను. ఇక్కడే కూర్చుంటాను." అని ఆవిడ చెప్పుల స్టాండు పక్కనున్న అరుగు మీద, ఆ నీలం బోర్డు కింద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. 

నాకు కిటికీలోంచి అంతా కనబడుతోంది. నేను ట్రే తీసుకుని, స్టూలు చంకన పెట్టుకుని బయల్దేరాను. వరండాలో మా సూపరింటెండెంటు అడ్డం వచ్చాడు.

"ఎక్కడికయ్యా?"

"చెప్పులు లోపటికి రావొద్దని బోర్డు ఉన్నది సార్. డ్రెస్సరు బయటికి పోవొద్దని బోర్డు లేదు."

వెళ్లి ఆవిడ ముందు స్టూలేసుకుని కూర్చున్నాను. గాయం అప్పటికే దాదాపు మూసుకుంది, పైకట్టు విప్పి చూడటమే మిగిలింది. శుభ్రమైన గుడ్డ పరిచి కాలు దాని మీద పెట్టించి విప్పాను. లైన్లో ఉన్నవాళ్లు గెంతుతూనే మెడలు చాచారు. వేలు ఉండాల్సిన చోట ఖాళీ చూసి గంతులు ఆగిపోయాయి. వంట మేస్త్రీ దగ్గరికొచ్చాడు.

"గిదేంది టీచరమ్మా? గిట్లెట్లయింది?"

"మీ పక్కన నిలబడే అయింది నాయనా. మీరంతా గెంతుతుంటే లోపల్లోపల నవ్వుకున్నాను. ఏం మనుషులు, ఈ కాస్త ఎండకు ఓర్చుకోలేరు అని."

మేస్త్రీ మెల్లగా స్టాండును పట్టుకుని ఒక కాలెత్తి అరికాలు తిప్పి చూసుకున్నాడు. అతన్ని చూసి పక్కవాడు. అలా ఒకరి తర్వాత ఒకరు, లైను లైనంతా ఒంటికాలి మీద నిలబడి అరికాళ్లు చూసుకుంటోంది. తోటమాలి ఒకాయన మడమలో విరిగిన తుమ్మముల్లు. ఎప్పటిదో ఆయనకే తెలియదు. ఒక గుమాస్తా గారి భార్యకు వేళ్ల సందుల్లో పుండు.

డాక్టరమ్మ స్టెతస్కోపు కూడా తీయకుండా బయటికొచ్చేసింది. అందరినీ ముందు చెప్పులేసుకోమంది. తర్వాత అరుగు మీద ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, దూది సన్నగా పేనింది.

"కళ్లు మూసుకోండి. కాలికి తగలగానే చెప్పండి."

వంట మేస్త్రీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరమ్మ బొటనవేలి మీద దూది ఆనించింది. మడమ మీద ఆనించింది. అరికాలి మధ్యలో ఆనించింది.

"తయారుగున్న మేడమ్," అన్నాడు ఆయన, కళ్లు మూసుకునే. "ఇగ షురూ జేయుండ్రి."

తమ్ముళ్లూ, నా సర్వీసులో నేను చాలా చూశాను. పురుగులు పట్టిన పుండ్లు చూశాను. ఆ మాటంతగా నన్ను భయపెట్టింది ఏదీ లేదు. బండ కాలుతుంటే ఇతను గెంతాడు, నిజమే. నిప్పు లాంటి వేడి ఇంకా తెలుస్తోంది, దూది తెలియడం లేదు. టీచరమ్మ నడిచిన దారిలోనే ఇతను కాస్త వెనకున్నాడు, అంతే.

సరిగ్గా అప్పుడు పరిపాలనా భవనం కారు వచ్చింది. అందులోంచి ఒక పెద్ద ఆఫీసరు దిగాడు. దగ్గుకు మందు కోసం వచ్చాడట. మామూలుగా అయితే పక్క తలుపులోంచి వెళ్లాల్సినవాడు, గుంపు చూసి ఇటు తిరిగాడు. సూపరింటెండెంటు వరండా దిగి ఉరుకున వచ్చాడు. బూట్లతోనే.

"ఏమిటిది? ధర్నానా?" అన్నాడు ఆఫీసరు.

"కాదు సార్, పరీక్ష," అన్నాను నేను. "ప్రిపేర్ గాకుండ రాసే పరీక్ష."

డాక్టరమ్మ తలెత్తింది. "సర్, మీకూ షుగర్ ఉంది కదా. ఒకసారి షూస్ తీస్తారా?"

"డాక్టర్!" అని సూపరింటెండెంటు అరిచినంత పనిచేశాడు. "సర్ రిపోర్టులు ఎప్పుడూ పర్ఫెక్ట్. సర్‌కు ఇలాంటివేం అవసరం లేదు."

ఆఫీసరు అందరి ముందూ సరదా మనిషిననిపించుకోవాలనుకున్నాడో ఏమో, నవ్వుతూ అరుగు మీద కూర్చుని కాలు చాపాడు. నేను లేసు విప్పి బూటు లాగాను. అది తేలిగ్గా రాలేదు. మేజోడు అడుగున రక్తం ఎండి బిరుసెక్కి ఉంది. బూటు తిప్పి చూస్తే, నోటీసు బోర్డులకు కాగితాలు గుచ్చే గుండు పిన్ను, అడుగు చీల్చుకుని లోపలికి దిగి ఉంది. ఎప్పటి నుంచో ఏమో, మీటింగులకు, మెట్లకు, కారుకు, ఆయన దాని మీదే నడిచాడు.

"నాకు... తెలియలేదే," అన్నాడు. ఆ గొంతు ఆఫీసరుది కాదు. బెదిరిన మామూలు మనిషిది.

టీచరమ్మ పక్కనే ఉంది. "మనకు తెలియదండీ," అంది మెల్లగా. "కళ్లతో చూసుకోవాలి."

ఆయన వంగి ఆ పిన్ను తడిమి చూశాడు. తర్వాత తలెత్తి బోర్డు చదివాడు. "ఇది తీసేయండి" అన్నాడు.

అంతే! రూల్ రూలే అనిపించుకున్న బోర్డు, ఒకరి బొబ్బ కోసం తీసేయలేమన్న బోర్డు, వాచ్‌మన్ ఒట్టి చేతులతో ఊపితే ఊడి వచ్చింది. సూపరింటెండెంటు కూడా ఒక చెయ్యి వేశాడు. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాలి గదా? నాకు ఒళ్లు మండిపోయింది. టీచరమ్మ చిటికెన వేలు తెగిపడినా కదలని బోర్డు, ఆఫీసరుగారి కాలిలో పిన్ను గుచ్చుకుంటే కదిలింది. ఆయన ఆ రోజు దగ్గకపోయి ఉంటే? పక్క తలుపులోంచి వెళ్లిపోయి ఉంటే? ఇంకెన్ని వేళ్లు పోవాలి?

డాక్టరమ్మ కొన్నాళ్లు ప్రతి షుగర్ రోజునా నా గదిలో కాళ్లు చూసింది. ఏడాది తిరక్కుండా "అవసరం లేదు" అని ఆమె ఉద్యోగం పొడిగించలేదు. సూపరింటెండెంటు దండలతో రిటైరయ్యాడు. ఆ సభలో డిసిప్లిన్ గురించి మాట్లాడాడు. నేను వెనక వరుసలో కూర్చుని సమోసా నమిలాను, ఏం చేస్తాం.

ఇప్పుడు మాత్రం ఏం బాగుపడింది? మొన్న మోకాలి నొప్పికని విద్యానగర్‌లో పెద్ద అద్దాల ఆసుపత్రికి వెళ్లాను. పక్కన కూర్చున్న పెద్దాయనకు షుగరు. బొత్తి నిండా రిపోర్టులు. "కాళ్లు ఎవరన్న చూసిన్రా అన్నా?" అని అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. బీపీ చూశారట, గుండె చూశారట, ఇన్సూరెన్సు చూశారట. మేజోళ్లు విప్పమన్నవాడు లేడు. తమ్ముళ్లూ, రేపు మీ ముందు షుగర్ మనిషి కూర్చుంటే, ఆయన ఎంత పెద్దవాడైనా, బూటు ఎంత ఖరీదైనదైనా, విప్పించండి. మీరడగకపోతే ఇంకెవరూ అడగరు.

టీచరమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. తర్వాత ఒక ఆదివారం నన్ను చర్చికి రమ్మని కబురంపింది. వెళ్లాను. గుమ్మం బయట చెప్పులు గుట్టగా ఉన్నాయి. నావీ విడిచాను. లోపల పెట్టె ముందు టీచరమ్మ, కాళ్లకు ఆ రబ్బరు చెప్పులతోనే. పాట మధ్యలో అప్పుడప్పుడు వంగి పెడళ్ల వైపు చూసుకుంటోంది. గాలి మాత్రం తగ్గలేదు.

ప్రార్థన అయ్యాక జనం వెళ్లిపోతుంటే, కొందరు ముసలివాళ్లు మాత్రం ముందు బెంచీ మీదే ఉండిపోయారు. వాళ్ల కాళ్లకూ చెప్పులున్నాయి. టీచరమ్మ వాళ్ల ముందు నిలబడి, బడిలో సోమవారం పొద్దున గోళ్లు చూసినట్టు, "ఊఁ, చూపించండి" అంది. అందరూ చెప్పులు విప్పి అరికాళ్లు పైకెత్తారు. పాస్టరు గారి తల్లితో సహా.

నేను ఆవిడ పక్కన చేరి చెవిలో అన్నాను. "టీచరమ్మా, గుడి లోపట చెప్పులా? బోర్డు పెడ్తరు జూడుండ్రి."

ఆవిడ ఒక ముసలాయన మడమ వెలుతురుకు తిప్పి చూస్తూ, నా వైపు తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఈ ఇల్లెవరిదో ఆయన్ని అడిగే వేసుకున్నానబ్బాయ్. ఆయన ఏవీ అనలేదు. అన్నది మీ పెద్ద డాక్టరొక్కడే."